ధనశేఖర్ హారన్

తిరుపతి నుంచి తలకోన జలపాతానికి, చంద్రగిరి కోటకు రోజూ జనాన్ని తిప్పే వ్యాను డ్రైవరు ధనశేఖర్‌కు హారన్ కొట్టడం గిట్టదు. అడవిలో కోతులు బెదురుతాయంటాడు. బొద్దు మనిషి, మెడలో తువ్వాలు, బుగ్గన ఎప్పుడూ ఒక లవంగం. ఎక్కినవాళ్ల పేర్లు అడగడు, తన పేరు చెప్పడు. బయల్దేరే వేళయితే వ్యాను మెట్టు మీద నిలబడి, అరచేతులు నోటికి దొన్నెలా పెట్టి, "ఏడుకొండలవాడా, వెంకటరమణా" అని గొంతెత్తుతాడు. నీళ్ల కింద తడుస్తున్నవాళ్లయినా, బండల మీద చిత్రాన్నం తింటున్నవాళ్లయినా "గోవిందా" అనకుండా ఉండలేరు. ఆ గొంతులను బట్టి ఎవరెక్కడున్నారో పోల్చుకుని, "అందరూ ఉండారు, ఎక్కండప్పా" అంటాడు.

మొన్న ఆదివారం నగరి నేతపనివాళ్లను తిప్పాడు. పొద్దున తలకోన, మధ్యాహ్నం కోట. రాజమహల్ చూసి అందరూ వ్యాను దగ్గరికి వచ్చేసరికి ధనశేఖరే లేడు. సాయంత్రం రైలు తప్పిపోయేలా ఉంది. "డ్రైవరన్నా" అని ఒకాయన కేకేస్తే, అక్కడ ఆగిన బండ్ల డ్రైవర్లంతా తలలు తిప్పారు. ఇతని పేరేమిటో ఎవరికీ తెలియదు. అందరిలోకి పెద్దామె మునెమ్మ, "ఉండండి, నేను సూస్తా" అంటూ మెట్టెక్కింది. చేతులు నోటికి దొన్నెలా పెట్టింది. "ఏడుకొండలవాడా, వెంకటరమణా." టికెట్లు ఇచ్చే అతనితో సహా కోటంతా గోవింద పలికింది. ఆ సందడి అణిగాక, గోడ అవతల వేపచెట్టు నీడ నుంచి నిద్రమత్తుగా ఒక గొంతు ఆలస్యంగా అందుకుంది: "గోవిందా..."

తువ్వాలు దులుపుకుంటూ పరుగున వచ్చిన ధనశేఖర్‌కు మునెమ్మ దారి ఇచ్చింది.

"అందరూ ఉండారు, ఎక్కు నాయనా."