అందరూ హాజరైన బడి

మొన్న మా మనవరాలు ఫోనులో విజ్ఞాన సర్వస్వం తెరిచి, వేముల పక్కనున్న మా ఊరి పేజీ చదివి వినిపిస్తుంటే, ఊళ్లో రెండు పార్టీల గొడవల కాలంలో అయ్యవారు ఊరు విడిచి పారిపోవడంతో మిషన్ బడి మూతబడిందన్న వాక్యం దగ్గర నాకు ఒళ్లు మండిపోయింది, ఎందుకంటే ఆ అయ్యవారు మా నాయన.

అక్కడికక్కడే దాన్ని కొట్టివేయించాను. మర్నాటికి మళ్లీ వచ్చి కూర్చుంది. ఆ పేజీలు చూసుకునే ఆయనెవరో, మీ మాట కాదనను గానీ ఆధారం ఏదైనా చూపించండి పెద్దాయనా అని ఎంతో మర్యాదగా రాశాడు. ఆధారం లేకేం, మా నాయన హాజరు రిజిస్టరు నా ట్రంకు పెట్టెలోనే ఉంది. తీసి చూస్తే బడి ఒక్కరోజూ మూయలేదు సరికదా, ఆ ఏడాది పొడుగునా పిల్లలందరూ హాజరే. పొంగిపోతూ పేజీలు తిప్పుతుంటే నా పేరు కనిపించింది. టైఫాయిడ్‌తో ప్రొద్దుటూరులో మేనత్త ఇంట్లో పడి ఉన్న రోజుల్లోనూ నేను బడికి వచ్చినట్టే ఉంది.

అప్పుడు గుర్తొచ్చింది. ఏ ఇంటివాళ్లు పిల్లల్ని చుట్టాల ఊరికి పంపేస్తే ఆ ఇంటివాళ్లు కొట్లాటకు సిద్ధమవుతున్నారని అవతలి పార్టీకి గురుతు. అందుకని సాయంత్రం ఎవరో ఒకరు వచ్చి, వరండాలో బీడీ వెలిగించుకుని, "ఈ పొద్దు ఎవురెవురు రాలేదు అయ్యవారా?" అని అడిగేవాళ్లు. "అందరూ వచ్చినారప్పా, కావాలంటే సూసుకో" అని మా నాయన రిజిస్టరు చేతికిచ్చేవాడు. ఇవతలి పార్టీవాళ్లకూ అదే జవాబు. అబద్ధమాడితే నా వీపు చిట్లగొట్టే మనిషి, ఆదివారం చర్చిలో వాక్యం చదివే మనిషి, ఆ ఒక్క అబద్ధాన్ని రోజూ గుండ్రటి అక్షరాల్లో సిరాతో రాశాడు. బడి వదిలేటప్పుడు సగం మందే బయటికి రావడం చూసినవాళ్లు కూడా, అయ్యవారు రాశాడు కదా అని తలూపి వెళ్లిపోయేవాళ్లు. తలచుకుంటే ఆ మనిషి ఇప్పటికీ ముద్దొస్తాడు.

మనవరాలు ఆ పేజీలు ఫోటో తీసి పంపుతానంది. వద్దన్నాను. ప్రాణాలు కాపాడటానికి ఆయన రాసిన అబద్ధాన్ని ఆయన తరఫున సాక్ష్యంగా పంపడానికి నాకు చేతులు రాలేదు. పారిపోయాడన్న వాక్యం పక్కన మాత్రం 'ఆధారం కావాలి' అని పెట్టించాను, దానికీ ఆధారం లేదు కదా.

ఇప్పుడు ఆ రెండు పార్టీల ఇళ్ల పిల్లలూ పులివెందులకు ఒకే కాలేజీ బస్సులో పోతున్నారు, ఎవరు రాలేదని అడగడానికి సాయంత్రాలు ఎవరూ రారు. సంతోషమే. కానీ మా నాయన పారిపోలేదని చెప్పడానికి నా దగ్గర నా మాట తప్ప ఇంకేమీ లేదు, అది విని ఆధారం అడక్కుండా నమ్మే నా ఈడువాళ్లు మీరింకా కొందరున్నారనే ఇది రాసుకుంటున్నాను.