గీత దాకా నీళ్లు

ఇన్నాళ్లూ ఎందుకు రాయలేదంటే, నాకు రాయడం రాదు. పదకొండేళ్లు ఆ మాట చెప్పుకునే ఈ బరువు మోశాను. నిరుడు, యాభై మూడో ఏట, పక్కింటి టీచరు గారి దగ్గర అక్షరాలు నేర్చుకున్నాను. మరి ఈ ఏడాదికి ఏం కారణం చెప్పను? మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెబుతున్నాను.

రాజమండ్రిలో నీళ్లు పరీక్ష చేసే ల్యాబులో గాజుసామాను కడుగుతాను. ఐదో తరగతి చదివానని అబద్ధం చెప్పి చేరాను. సునీత మేడం నమ్మారు. ఏ ఊరి నీళ్లలో సీసం ఎంతుందో చూడాలన్నా, ఎంత సీసం కలిపారో తెలిసిన ద్రావణం ఒకటి ముందు ఉండాలి. దానితో పోల్చే లెక్క కడతారు. మేడం సీసం మందు కొలిచి ఫ్లాస్కులో వేసి, సన్నటి మెడ మీది గీత దాకా చుక్క చుక్కగా డిస్టిల్డ్ వాటర్ పోసేవారు. రోజూ చూసేదాన్ని.

ఆ రోజు ఆవిడ భోజనానికి వెళ్లారు. ఫ్లాస్కులో నీళ్లు గీతకి బాగా కిందికి ఉన్నాయి. వాడితే తగ్గాయని నాకు తట్టలేదు. పోయడం మర్చిపోయారనుకుని, మెచ్చుకుంటారని, గీత దాకా నింపాను. ఫ్లాస్కుకి ఒక చీటీ అంటించి ఉంది.

ద్రావణం పలచబడింది. దానితో పోల్చేసరికి ఒక జాలరిపేట బోరు నీళ్లలో ఉన్నదాని కంటే ఎక్కువ సీసం ఉన్నట్టు వచ్చింది. బోరు మూసేశారు. ఆడవాళ్లు పక్క ఊరి నుంచి బిందెలు మోశారు. మరోచోట పరీక్ష చేయిస్తే నీళ్లు బాగానే ఉన్నాయట.

మేడం నన్ను పిలిచారు.

"ఆ ఫ్లాస్కు ఎవరైనా ముట్టుకున్నారాండి?"

"లేదండి."

"మీకోసమే తెలుగులో రాసి పెట్టాను. చదివారు కదా?"

"చదివానండి. అందుకే దాని జోలికి పోలేదు."

ఆవిడ నవ్వారు. "పోన్లెండి, నా రాత మీకైనా అర్థమైంది. మీరు కాదంటే కాదు. నా చెయ్యే తప్పుంటుంది."

ఆ మాటే ల్యాబు పెద్ద సారు కాగితం మీద రాయించుకుని ఆవిడను పంపేశారు. ఉద్యోగం పోయింది సరే, తన చేతిని తానే నమ్మకుండా చేశాను. నన్ను మాత్రం నమ్మే వెళ్లారు. అది తిడితే బాగుండేది అనిపించే నమ్మకం.

ఫ్లాస్కు కడిగేటప్పుడు ఆ చీటీ ఒలిచి దాచాను. నిరుడు కూడబలుక్కుంటూ చదివాను. "అమ్మా, దీంట్లో నీళ్లు పోయకండి."

అమ్మా అని రాశారు.

ఇంతవరకూ నిన్న రాశాను. ఈ పొద్దున ఇదంతా ఇంకో కాగితం మీద ఎత్తి రాసి, చీటీ జతచేసి, రామచంద్రపురంలో మేడం ఇంటికి పోస్టు చేశాను. తర్వాత పనికి వెళ్లాను. బల్ల మీద ఒక ఫ్లాస్కులో నీళ్లు గీతకి కిందికి ఉన్నాయి. చీటీ లేదు. ముట్టుకోలేదు.