వడ్ల గింజతో కొలిచిన వేడి

1982వ సంవత్సరం. విశాఖపట్నం డాబా గార్డెన్స్‌లో ఒక మేడ మీద రెండు గదుల ఆఫీసు నాది. బోర్డు మీద ‘పేటెంట్ ఏజెంట్’ అని చూసి, పేటెంటు మందులు అమ్ముతాననుకుని మెట్లెక్కి వచ్చి దగ్గు మందు అడిగినవాళ్లు కూడా ఉన్నారు. మా పని అది కాదు. ఎవరైనా కొత్త వస్తువో, కొత్త పద్ధతో కనిపెడితే దాన్ని చట్టానికి అర్థమయ్యే భాషలో రాసి మద్రాసులోని పేటెంట్ ఆఫీసుకు పంపాలి. ఆ రాతను స్పెసిఫికేషన్ అంటారు. అందులో ‘ఇంతవరకు నాది’ అని హద్దు గీసే వాక్యాలు క్లెయిములు. అక్కడ ఎగ్జామినర్ దాన్ని చదివి, ఇది నిజంగా కొత్తదేనా, చేసే విధానం పూర్తిగా చెప్పారా అని ప్రశ్నలు పంపుతాడు. గడువులోగా వాటికి సరైన జవాబు చెప్పుకోలేకపోతే దరఖాస్తుకు నీళ్లు వదులుకోవలసిందే.

నా దగ్గరికి వచ్చేవాళ్లు ఎక్కువగా పోర్టు, షిప్‌యార్డు మనుషులు. పంపులు, వాల్వులు, క్రేను కొక్కేలు. వాటి మధ్య వైద్యానికి పనికొచ్చే పాలిమర్ కేసు ఒక్కటే వచ్చింది. తెచ్చినాయన ఒక ఆసుపత్రిలో సర్జను. కృష్ణా జిల్లా నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడ్డారు, మాట తక్కువ మనిషి.

ఆయన బాధ హెర్నియా గురించి. పొత్తికడుపు గోడ బలహీనపడి పేగు బయటికి తోసుకొచ్చే జబ్బు అది. బరువులు మోసే కళాసీలు, పడవలు లాగే జాలర్లు కుట్టించుకుని వెళ్లి, ఏడాది తిరక్కుండా అదే చోట మళ్లీ ఉబ్బుతో వచ్చేవాళ్లు. బలహీనమైన చోట పాలీప్రొపిలిన్ అనే పాలిమర్, అంటే ఒక రకం ప్లాస్టిక్ దారంతో అల్లిన సన్నని వల ముక్క, అంటే మెష్, పెట్టి కుడితే నిలుస్తుందని అప్పటికే తెలుసు. కానీ అది విదేశాల నుంచి రావాలి. వచ్చేసరికి రోగి పడవ దగ్గరికి పోయి ఉంటాడు. ఈయన అలాంటి దారం సంపాదించి, భీమిలి అని పిలిచే భీమునిపట్నంలో నూకాలమ్మ అనే జాలరి ఇల్లాలితో మెష్ అల్లించారు. ఆమె భర్తకు రెండుసార్లు హెర్నియా కోసినది ఈయనే.

మొదట అల్లిన ముక్కలు ఆటోక్లేవ్‌లో పెట్టగానే ముడుచుకుపోయాయి. ఆటోక్లేవ్ అంటే ఒత్తిడి మీద ఆవిరి పట్టించి క్రిములను చంపే పాత్ర. కొన్నాళ్లకు నూకాలమ్మ ఇంకో రకం ముక్కలు తెచ్చింది. వాటికి ఎన్నిసార్లు ఆవిరి పట్టించినా అంచు కూడా వంకర తిరగలేదు. మనిషికి ఇంకా వాడలేదు. పేటెంటు చేతిలో ఉంటే ఏ కంపెనీ అయినా సరైన పరీక్షలు చేయించి తయారీకి పూనుకుంటుందని డాక్టరు గారి ఆశ.

ఆమె దానికి ఏం చేస్తుందని అడిగాను. వలలవాళ్లు ఏదో వేడి చేస్తారండీ, మామూలే, అన్నారాయన. నేను తలూపి, ‘తెలిసిన పద్ధతిలో వేడి చేసి’ అని రాసేశాను. మా వృత్తిలో ఇది పాత అలవాటు. వివరం తెలియని చోటల్లా ‘తెలిసిన పద్ధతి’ అనే దుప్పటి కప్పేస్తాం. పైగా నా డ్రాఫ్టింగ్ మీద నాకు కొంచెం పొగరు కూడా ఉండేది. కనిపెట్టిన వ్యక్తి పేరు దగ్గర డాక్టరు గారి పేరొక్కటే రాశాను.

ఏడాది దాటాక ఫస్ట్ ఎగ్జామినేషన్ రిపోర్ట్ వచ్చింది. ఎగ్జామినర్ ఎవరో గాని గట్టివాడు. మొదటి అభ్యంతరం ఊహించిందే. శరీరంలో వైద్యానికి వాడే పదార్థం కాబట్టి వస్తువు మీద పేటెంటు రాదు, తయారుచేసే పద్ధతి మీదే అడగాలన్నాడు. రెండోది నా పొగరు దించింది. ‘తెలిసిన పద్ధతి’ అన్నారు, ఎవరికి తెలుసు? ఏ పుస్తకంలో ఉంది? తెలిసినదే అయితే ఇందులో కొత్తేమిటి? తెలియనిదైతే ఎందుకు వివరించలేదు?

వలలవాళ్ల వేడి పద్ధతి కోసం యూనివర్సిటీ లైబ్రరీలో వారం రోజులు వెతికాను. దొరకలేదు. డాక్టరు గారిని అడిగితే తెల్లమొహం వేశారు. గడువు రెండు నెలలుంది. ఇక లాభం లేదని భీమిలి బస్సెక్కాను.

నూకాలమ్మకు నలభై దాటి ఉంటాయి. డాక్టరు గారు పంపారనగానే అరుగు మీద చోటు చూపించి, అడగకుండానే పని మొదలుపెట్టింది. మెష్‌ను చిన్న చెక్క చట్రానికి నాలుగు వైపులా బిగించి కట్టింది. పొయ్యి మీద పెద్ద మూకుడులో ఇసుక కాగుతోంది. అందులో ఒక వడ్ల గింజ పడేసి కళ్లు చికిలించి చూసింది. గింజ పేలిపోయింది. మూకుడు దించి, ఇసుకను తిరగేసి, కాసేపాగి ఇంకో గింజ వేసింది. అది పేలలేదు, పొట్టు మాత్రం కొద్దిగా రంగు తిరిగింది. అప్పుడు చట్రాన్ని ఇసుకలో పూడ్చిపెట్టి, ఇసుక పూర్తిగా చల్లారేదాకా దాని జోలికి పోలేదు. నేను ఆసుపత్రి నుంచి తెచ్చిన ఆటోక్లేవ్ థర్మామీటరు గుచ్చి చూస్తే నూట నలభై డిగ్రీలకు అటూ ఇటూ ఉంది. గింజ పేలేంత వేడిలో దారం కరిగిపోతుందట. తొమ్మిది ముక్కలు అలా పోయాకే తనకు లెక్క దొరికిందని చెప్పింది.

మీ వీధిలో వలలు కట్టేవాళ్లంతా ఇలాగే చేస్తారా అని అడిగాను. అందరూ చేస్తే పేటెంటు లేదు.

ఆమె నవ్వింది. “వలకి ఇసక ఏటికి బాబూ? సిన్నప్పుడు పద్మనాభం ఊరికాడ పేలాల బట్టీలో కూలికెల్లీదాన్ని. ఇసక వేడి నాకు తెలుసు. ఆసుపత్రి డబ్బాలో గుడ్డ ముడుసుకుపోతందని డాట్రుబాబు దిగులు పడతన్నాడు. ఆ డబ్బా కన్నా ఎక్కువ వేడి ముందే సూపించీసి, కట్టినకాడే సల్లారనిత్తే ఇంక దేనికీ బెదరదు కదా అనుకున్నాను.”

నేను ఎమ్మెస్సీ చదివినవాణ్ణి. దారం లోపలి బిగువును ఎక్కువ వేడిలో సడలించి, అదే ఆకారంలో స్థిరపరచడం. పాలిమర్ పుస్తకాల్లో నాలుగు పేజీలు పట్టే సంగతిని ఆమె రెండు ముక్కల్లో చెప్పింది. కానీ ఆ సూత్రాన్ని మెష్ మీద ఇలా ఇసుకతో, గింజతో నడిపినవాళ్లు మాత్రం ఇంకెవరూ లేరు. కనిపెట్టింది ఆమె. దరఖాస్తులో ఆమె పేరు లేదు.

ఆ కాగితం ఏమిటో ఆమెకు వివరించాను. పేటెంటు వస్తే డాక్టరు గారి అనుమతి లేకుండా ఎవరూ ఈ పద్ధతిలో చేయకూడదని చెప్పాను.

“నానూనా?” అంది.

కోపంగా అనలేదు. తెలుసుకుందామని అడిగింది, అంతే. చట్టం ప్రకారం అవును. ఆ మాట అనలేక, మళ్లీ వస్తానమ్మా అని లేచాను. తిరుగు బస్సులో సిగ్గుతో తల దించుకునే కూర్చున్నాను.

మర్నాడు డాక్టరు గారికి సంగతంతా చెప్పాను. మొదట ఆయనకు నచ్చలేదు. దారం తనది, ఆలోచన తనది, ఆమె అల్లిపెట్టింది, అంతే కదా అన్నారు. ఎగ్జామినర్ అడిగినది సరిగ్గా మీకు తెలియని ఆ ఒక్క మెట్టు గురించే అన్నాను. ముందు రెండు దారులున్నాయి. ఇసుక పద్ధతిని ఆయన పేరుతోనే రాసి పంపితే అడిగేవాడు లేడు. లేదంటే ఈ దరఖాస్తు ఉపసంహరించుకుని, ఇద్దరి పేర్లతో కొత్తది వేయాలి. పాతదాంట్లో పేరొక్కటి చేర్చినంత మాత్రాన ఆమెకు హక్కు రాదు. మా లోకంలో ఎవరి తేదీ ముందైతే వారిదే హక్కు. కొత్తది వేస్తే ఏడాది పైచిలుకు వెనక్కి పోతాం. ఈలోగా ఇంకెవరైనా ఇలాంటిదే వేసి ఉంటే మొదటికే మోసం. నిజం ఒప్పుకోవాలి, ఆ క్షణంలో మొదటి దారి నాకూ ముద్దొచ్చింది. నా పరువు కూడా అందులోనే ఉంది మరి.

మూడో రోజు ఆయనే మెట్లెక్కి వచ్చారు. కూర్చోలేదు.

“నేను వేయని కుట్టు నేనే వేశానని ఆపరేషన్ నోట్సులో ఎప్పుడూ రాయలేదండీ. ఇక్కడ మాత్రం ఎందుకు రాయాలి? వెనక్కి తీసుకోండి” అన్నారు.

తీసుకున్నాను. కొత్త స్పెసిఫికేషన్‌లో చట్రం, ఇసుక, వేడి, చల్లార్చడం, ఏదీ దాచకుండా రాశాను. గింజ పరీక్ష కూడా రాశాను. గింజ ఏ రకానిదని ఎగ్జామినర్ ఒక ప్రశ్న వేశాడు గాని, వేడి ఎన్ని డిగ్రీలో పక్కనే రాసి ఉండటంతో తృప్తిపడ్డాడు. ఆ రెండేళ్లూ మద్రాసు కవరు కనిపించినప్పుడల్లా, ఎవరిదో ముందు తేదీ బయటపడిందని రాసి ఉంటుందేమోనని నిలబడే చింపి చదివేవాణ్ణి. బయటపడలేదు. ప్రకటన వెలువడ్డాక అభ్యంతరం చెప్పినవాళ్లూ లేరు. 1986లో ఇద్దరి పేర్ల మీద పేటెంటు వచ్చింది.

డాక్టరు గారూ నేనూ కాగితం పట్టుకుని భీమిలి వెళ్లాం. ఇక మీ ఇద్దరి ఒప్పుదల లేకుండా ఎవరూ ఈ పని చేయడానికి వీల్లేదని నూకాలమ్మకు చెప్పాను. సంతోషిస్తుందనుకున్నాను. ఆమె మొహం చిన్నబుచ్చుకుంది.

“మా తోటికోడలికి మొన్ననే నేర్పీసినాను బాబూ. ఇప్పుడది సెయ్యకూడదేటి?”

ఒప్పుకున్నట్టు మీరు రాసిస్తే చేసుకోవచ్చమ్మా అన్నాను.

“అయితే ముందు అదే రాసీండి.”

ఉమ్మడి హక్కులో ఒకరు ఇంకొకరి సమ్మతి లేకుండా అనుమతి ఇవ్వడానికి లేదు. డాక్టరు గారి వంక చూశాను. ఆయన అప్పటికే జేబులోంచి కలం తీశారు. ఆ పేటెంటు మీద నేను రాసిన మొదటి లైసెన్సు అదే, ఆ అరుగు మీదే.

పేటెంటు అంటే ఇతరులను ఆపే హక్కు అని వచ్చినవాళ్లందరికీ గొప్పగా చెప్పేవాణ్ణి. నేను రాసిన మొదటి దరఖాస్తు అలాగే మంజూరై ఉంటే, తన పొయ్యి దగ్గర తను కనిపెట్టిన పని చేసుకున్నందుకు చట్టం ముందు నూకాలమ్మే దోషి అయ్యేది. అలా నిలబెట్టేది నా రాతే. ఆ తర్వాత ఇరవయ్యేళ్లు ఈ వృత్తిలో ఉన్నాను. ఏ కేసు వచ్చినా క్లెయిము రాసే ముందు, ఈ కాగితం వస్తే ఎవరి చేతిలో పని ఆగిపోతుందో వెళ్లి చూసి వచ్చేవాణ్ణి.