వాన వాసన

ఈ సాయంత్రం పామిడిలో టీ తాగుతుంటే పెన్న అవతలి నుంచి తడిమట్టి వాసన వచ్చింది. ఎన్నాళ్లకో! అంగట్లో అందరం గ్లాసులు దించి ముక్కులు పైకెత్తాం. పక్కనే బీడీ తాగుతున్న దర్జీ ఖాదర్ అన్న మాత్రం మా వంక వింతగా చూశాడు.

"ఏమప్పా, ఏమైంది మీకు?"

"మట్టి వాసనన్నా. యాడో వాన పడతాండాది," అన్నాను.

"నాకేం రాలేదే!"

"యాడొస్తాది? బీడీలు నీ ముక్కును గూడా కాల్చేసినాయి," అన్నాడు టీ అంగడాయన.

ఊపిరితిత్తులు, గుండె అని డాక్టర్లు చెప్పినప్పుడల్లా నవ్వేసే మనిషి ఈసారి నవ్వలేదు. నా వైపు తిరిగి అడిగాడు.

"ఎట్లుండాదప్పా, వాసన?"

చెప్పబోయాను, మాట దొరకలేదు. చేతిలో బీడీ మాత్రం ఆయన పారేయలేదు లెండి. ఆ వాసన ఎలా ఉంటుందో మీలో ఎవరికైనా చెప్పడం వస్తే కింద రాయండి. రేపు ఆయనకు చదివి వినిపిస్తాను.