హాజరుపట్టీలో నేను రాసిన మాట

మా చిన్నకోడలు ఇంట్లోనే కంప్యూటర్ ముందు కూర్చుని యంత్రాలు ఎలా నడపాలో చెప్పే పుస్తకాలు రాస్తుంది. ఎవరి ఒంటినీ, కులాన్నీ, ఆడవాళ్లనీ కించపరిచే మాటలుంటే ఏరి మార్చమని కంపెనీ వాళ్లు చెప్పారని మొన్న పొద్దున అంటే, పని జరిగితే చాలదా, మాటలదేముందని నవ్వేశాను గానీ, తర్వాత ఒకప్పుడు నేను రాసిన మాట గుర్తొచ్చి అన్నం సహించలేదు.

వరంగల్‌లో ఒక నూలు మిల్లులో, హాజరు రాసే టైమాఫీసులో అప్పట్లో నేను గుమాస్తాగా పనిచేశాను. నూలు వడికే స్పిన్నింగులో ఒకే పేరు గలవాళ్లు నలుగురుంటే, హాజరుపట్టీలో పేరుకు ముందు పొట్టి అనో నల్ల అనో ఆనవాలు తగిలించడం అక్కడి ఆచారం. నాకు ఆ కొలువు ఇప్పించిన మా నాన్న స్నేహితుడు, నేను కాక అని పిలిచే ఆయన, ఆ నలుగురిలో ఒకడు. ఆయన కాలు నలిపింది ఆ మిల్లు యంత్రమే, ఆ ఏడు పేరుకు ముందు ‘కుంటి’ అని గుండ్రటి దస్తూరీతో రాసింది మాత్రం నేను.

ఒకనాడు మట్టెవాడలో మా ఇంటికొచ్చి, చాయ్ తాగి, లేవబోతూ అడిగాడు.

“జర ఆ మాట తీసెయ్యి బిడ్డా. మా నాయిన పేరు రాయి. నన్ను గుర్తువట్టనీకి అది సాలదా?”

కొత్త పట్టీలో మారుస్తానన్నాను. హెడ్డు గుమాస్తా ఏమంటాడోనన్న జంకు కొంత, బద్ధకం చాలా, మొత్తానికి మార్చలేదు. మిల్లు మూతబడినప్పుడు అందరి సర్వీసు సర్టిఫికెట్లూ ఆ పట్టీలో ఉన్న పేర్లతోనే టైపు కొట్టాను.

ఆ కాగితం పట్టుకుని కాక ఒక పత్తి గోదాముకు కావలి పని అడగడానికి వెళ్లాడు. కాలు కొంచెం ఈడ్చినా, ఖిలా వరంగల్ నుంచి మిల్లుకు రోజూ నడిచొచ్చిన మనిషి. తిరిగొచ్చి సంగతి చెప్పాడు.

“నా నడక సూడనే లేదు బిడ్డా. కాయితం సూసి పొమ్మన్నరు.”

చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు కొత్త సర్టిఫికెట్ కోసం పరుగెత్తితే, ఆఫీసుకు అప్పటికే తాళం పడింది. ఆయనకు మళ్లీ కొలువు దొరకలేదు.

పోయిన ఏడాది కాక పోయాడు. దశదినకర్మ కార్డు రాసిపెట్టమని కూతురు వస్తే, ఆయన అడిగినట్టే తండ్రి పేరు కలిపి నిండుగా రాశాను. మిల్లులో ఆయన పక్కన ఏళ్లతరబడి పనిచేసిన ముసలివాళ్లు కార్డు చూసి ఒక్కొక్కరే నాకు ఫోన్ చేసి, పోయినాయన ఎవరని అడిగారు. వేరే దారి లేక ప్రతివాడికీ ఆ పాత మాటే చెప్పాను, చెప్పగానే అయ్యో ఆయనా అన్నారు.

ఇప్పటి పిల్లలు ఒక మాట రాసేముందు ఆగి ఆలోచిస్తున్నారు, మంచిదే. మన కాలంలో అది చెప్పేవాళ్లు లేరని మనం అనుకుంటూ ఉంటాం. నాకు కాక చెప్పాడు.