కేబుల్ గుచ్చే చోట కుంకుమ

2022, దసరా మరునాడు. కరీంనగర్‌లో ఒక పత్రిక ఆఫీసు కంప్యూటర్లు చాలాకాలం చూసుకుని, అప్పటికి లక్సెట్టిపేటలో సొంతంగా రిపేరు షాపు పెట్టుకున్నాను. ఆ పొద్దున బస్టాండు దగ్గర జిరాక్స్ సెంటర్ నడిపే జహంగీర్ ఫోన్ చేశాడు.

"అన్నా, జర జల్ది రా. కంప్యూటర్ల ప్రింటర్ కనబడ్తలే. లక్ష్మక్క కొడుకు దుబాయ్ పోతుండు. కారొచ్చి నిలవడ్డది."

లక్ష్మక్కది పక్కనే టైలరింగ్ షాపు. నేను వెళ్లేసరికి ఆమె, కొడుకు నరేష్ అక్కడే ఉన్నారు. వీసా రాత్రే ఫోన్లోకి వచ్చిందట. విమానాశ్రయంలో కాగితమే చూపాలని ఏజెంటు గట్టిగా చెప్పాడట. తక్కిన సెంటర్లు పండగకు మూసి ఉన్నాయి.

జహంగీర్ అప్పటికే డ్రైవర్ తీసేసి మళ్లీ ఎక్కించాడు. ప్రింటర్‌తో ఎలా మాట్లాడాలో కంప్యూటర్‌కు నేర్పే సాఫ్ట్‌వేర్ అది. నేను దాని జోలికి పోలేదు. యూఎస్‌బీ కేబుల్ గుచ్చగానే కంప్యూటర్ టింగుమనాలి. ఆ చప్పుడే లేదు. అంటే అవతల ఒక యంత్రం ఉందనే దానికి తెలియడం లేదు. కంప్యూటర్ పోర్టు మార్చాను, నా సంచిలోని కేబుల్ పెట్టాను. ఉలుకూ పలుకూ లేదు. ఇక మిగిలింది ప్రింటర్ వెనక ఉండే చదరపు పోర్టు. కరెంటు ఆపి, టార్చి వేసి చూస్తే లోపల ఎర్రగా ఎండిన ముద్ద.

"ఇదేంది జహంగీర్?"

అతను చూసి, లక్ష్మక్క వైపు తిరిగి, మళ్లీ నా వైపు తిరిగి "దుమ్మన్నా" అన్నాడు.

"ఎర్ర దుమ్మా?"

"దుమ్ము గాదు సారూ" అంది లక్ష్మక్క మెల్లగా. "నిన్న నా మిషన్‌కు పూజ చేస్కున్న. ఏటా జహంగీర్ తమ్ముని మిషన్‌కు సుత బొట్టు పెడ్త. ఈసారి పోరని కాగితం దీంట్లకెల్లే వస్తదని, తీగ పెట్టే కాడ గింత ఎక్కువ పెట్టిన. పానం ఆడనే ఉంటది గదా."

"అవ్వా, నన్ను ఆపుదామనే పెట్టినవా ఏంది?" అన్నాడు నరేష్. ఆమె నవ్వలేదు.

"ఫికర్ చెయ్యకక్కా" అన్నాడు జహంగీర్. "పండుగకు తుడువంగ తీగ గుంజింది నేనే, పొద్దుగాల చూడకుంట గుచ్చింది నేనే."

పొడి టూత్‌బ్రష్‌తో గీకాను. బోర్డులు తుడిచే స్పిరిట్‌తో లోపలి పిన్నులు శుభ్రం చేసి ఆరనిచ్చాను. బయట కారు హారన్ ఆగడం లేదు. కేబుల్ గుచ్చాను. టింగుమంది.

ఇంకా వెచ్చగా ఉన్న ఆ కాగితాన్ని లక్ష్మక్కే అందుకుంది. కొడుకు చేతిలో పెట్టింది గానీ, తన చెయ్యి మాత్రం కాసేపు వదలలేదు.

మరుసటి దసరాకు అటు వెళితే, ఆమె పూజ పళ్లెంతో తన గడపలోనే ఆగిపోయి కనిపించింది. జహంగీర్ వెనక పోర్టుకు టేపు అంటించి, ప్రింటర్‌ను ఆమె వైపు తిప్పాడు.

"రా అక్కా, ముందట పెట్టు. నరేష్ సెలవుల మీద వస్తడు గదా, వాని టికెట్ సుత దీంట్లకెల్లే తియ్యాలె."

అప్పటి నుంచి నా సంచిలో టేపు చుట్ట ఒకటి ఉంటుంది. దసరా ముందు షాపులన్నీ తిరిగి పోర్టులకు అంటించి వస్తాను. బొట్టు పెట్టొద్దని మాత్రం ఎవరికీ చెప్పను.