ముందు బకెట్టు, తర్వాత మనిషి

ఎత్తైన భవనాలకు రంగులు వేసే వాళ్ళందరూ ఆమె మొగుణ్ణి బల్లి అంటారు. గోడ కనిపిస్తే చాలు, అతుక్కుపోతాడు. ఆమెకు మారుపేరేమీ లేదు. ఆమె పని పైన డాబా మీద నిలబడి తాడు పట్టుకోవడం. తాడు కొసన చెక్క పలక, పలక మీద మొగుడు, మొగుడి కింద ఆరంతస్తుల గాలి. పెళ్ళయిన కొత్తలో, "కూలివాణ్ణి పెట్టుకోవడం దండగ, నువ్వే రా" అని వెంటబెట్టుకెళ్ళాడు. అప్పటినుంచి ఆమె అరచేతులు ఎంత కాయలు కాశాయంటే, చంటిదాని బుగ్గ నిమిరితే అది ఏడుపు లంకించుకుంటుంది. భయానికి మాత్రం కాయ కట్టలేదు. అది రోజూ కొత్తదే.

అంత ఎత్తున కేకలేస్తే సగం గాలికే పోతాయి. అందుకని వాళ్ళిద్దరికీ తాడే నోరు. ఒకసారి గుంజితే ఆగమని, రెండుసార్లు గుంజితే వదలమని, మూడుసార్లయితే పైకి లాగమని. సాయంత్రం పని ముగిశాక ముందు రంగు బకెట్టు పైకి రావాలి, ఆ తర్వాతే మనిషి. రెండూ కలిసి వస్తే బకెట్టు తొణికి ఆరని గోడ మీద చారలు పడతాయి, ఇక మేస్త్రి నోటికి పట్టపగ్గాలుండవు. అందుకని బల్లి ఏ కిటికీ సజ్జా మీదో నిలబడి, బకెట్టును సాగనంపి, తన వంతు కోసం చూస్తాడు. ఆ కాసేపూ అతనికి ఏ తాడూ ఉండదు. ఆమె ప్రాణాలు గుప్పిట్లో పెట్టుకుని నిలబడుతుంది.

ఇలా సాగుతున్న సంసారంలో ఊరి క్వారీ యజమాని, ఒక ముసలాయన, చచ్చి చిచ్చు పెట్టాడు. పిల్లల్లేని మనిషి, చుట్టాలంటే ఒళ్ళు మంట. తన బంగారం కొండల్లో దాచానని, ఎవరికి దొరికితే వాళ్ళదేనని చాటింపు వేయించి, చావబోయే ముందు ఇంటి ప్రహరీ మీద మూడు వరసలు రాయించాడు. రాసిందీ బల్లే.

నీళ్ళు మాట మానేసిన చోట,
నోరు తెరిచిన రాయి కింద,
ఆకలి లేని కడుపులో.

ఇక చూడాలి జనం వెర్రి. పలుగులు భుజాన వేసుకుని కొండల మీద పడ్డారు. ఇద్దరు లోయలో జారిపోతే, శవాలను వాళ్ళ వీధి మీదుగానే తెచ్చారు. ఆమె తలుపు వారగా వేసి ఆ సందులోంచి చూసింది. దుప్పటిలోంచి బయటికి వచ్చిన పాదానికి చెప్పు లేదు. ఆ పూట ఆమెకు ముద్ద దిగలేదు.

బల్లికి అదేమీ పట్టలేదు. ముద్ద నోట్లో పెట్టుకుని కూడా ఆ మూడు వరసలే గొణిగేవాడు. ఒకరోజు గోడ గీకుతూ గీకుతూ చేయి ఆపేశాడట. క్వారీ తవ్వేటప్పుడు ముసలాయన కొండ మీది వాగును పక్కకు మళ్ళించాడు. దాంతో అక్కడి జలపాతం ఎండిపోయింది. నీళ్ళు మాట మానేశాయంటే అదే మరి.

"ఇంకో గోడకు ఇంకో తాడు, అంతే అనుకో" అన్నాడు పెళ్ళాంతో.

"గోడ మనిషి కట్టింది. ఆ కొండ ఎవరు కట్టారయ్యా?"

"నువ్వు రాకపోతే మీ తమ్ముణ్ణి తీసుకెళ్తా."

ఆమె తమ్ముడు తాడు పట్టుకుని నిలబడే కునుకు తీసే రకం. ఆ సంగతి తెలిసే అన్నాడు, గడుసువాడు. ఆమె చంటిదాన్ని అత్తగారి ఒళ్ళో వేసి, తాడు తిరిగే కప్పీలు, ఇనప గొట్టం మోసుకుంటూ వెనకాలే నడిచింది.

ఎండిపోయిన జలపాతం వెనక నిజంగానే నోరు తెరుచుకున్నట్టు ఒక బండ ఉంది. దాని కింద మనిషి పట్టేంత గొయ్యి. లోపల ఎంత లోతో తెలియదు. విసిరిన రాయి చప్పుడు చాలాసేపటికి గానీ రాలేదు. పలక పట్టదని తాడు నేరుగా నడుముకే కట్టుకున్నాడు. గోతికి అడ్డంగా ఆ గొట్టం వేసి కప్పీలు తగిలించారు. బల్లి ఆమె వైపు చూసి కన్ను కొట్టి దిగిపోయాడు. ముందు అతని జుట్టు, తర్వాత టార్చి వెలుగు, చివరికి రెండూ కనిపించకుండా పోయాయి.

తాడు సడలింది. సజ్జా మీద నిలబడి ఉంటాడని అలవాటు కొద్దీ అనుకుంది. ఇక్కడ సజ్జా ఎక్కడిదని వెంటనే గుర్తొచ్చింది. అంతలో తాడు మూడుసార్లు కదిలింది. దేవుడా అనుకుని లాగడం మొదలుపెట్టింది. నాలుగు బారలు లాగేసరికి చేతులు అనుమానపడ్డాయి. ఇంత తేలిక ఏమిటి? సగం మనిషే వస్తున్నాడా? కళ్ళు మూసుకుని లాగింది.

పైకి వచ్చింది తుప్పుపట్టిన ఇనప పెట్టె. ముందు బకెట్టు, తర్వాత మనిషి. ఇక్కడ కూడా.

పెట్టెను పక్కకు తోసి తాడు మళ్ళీ వదిలింది. ఒట్టి తాడు సగం దూరంలో ఏదో రాతి మీద చుట్టలు పడి ఆగిపోయింది. ఎంత ఊపినా దిగదు. బోర్లా పడుకుని పిలిచింది. ఆమె గొంతే వంకర తిరిగి వెనక్కి వచ్చింది. ఎండ కొండ మీంచి జారిపోతోంది. బరువుంటే గానీ తాడు దిగదు. చుట్టూ చూసింది. రాళ్ళన్నీ నున్నటివి, ముడి నిలవనివి. పిడి ఉన్నది ఆ పెట్టె ఒక్కటే. లోపల ఏముందోనని కనీసం ఊపి చూడలేదు. దాన్నే తాడుకు కట్టి గోతిలోకి వదిలేసింది.

చాలాసేపటికి తాడు మూడుసార్లు కదిలింది. ఈసారి వచ్చేది పెట్టా, మనిషా? తెలుసుకోవాలంటే లాగాలి, లాగాలంటే భయం. లాగింది. బరువు భుజాలదాకా పాకగానే ఏడుపు తన్నుకొచ్చింది. ఆ బరువు ఆమెకు తెలుసు.

పైకి వచ్చిన బల్లికి మోచేతులు చెక్కుకుపోయాయి. పెట్టె కిందే ఉండిపోయింది. దాని ఊసు ఇద్దరూ ఎత్తలేదు. సగం కొండ దిగాక అతనే నోరు విప్పాడు.

"తాడు ఎంతకీ రాలేదు గదా. చచ్చేంత భయమేసింది."

"నాకు మాత్రం? అరిచి అరిచి గొంతు పోయింది."

"కిందికి ఏమీ వినబడలేదే." కాసేపు నడిచాడు. "నువ్వు పెట్టె తీసుకుని వెళ్ళిపోయావనుకున్నా."

ఆమె ఆగిపోయింది.

"నాకు ఆ ఆలోచనే రాలేదు" అంది.

అది నిజం. బల్లి వెనక్కి తిరిగి ఆమె ముఖంలోకి చూశాడు. నమ్మాలా వద్దా అని ఆలోచించాడు. ఆలోచించడం ఆమెకు స్పష్టంగా కనిపించింది. చివరికి "సరేలే, పద" అన్నాడు.

అతని కోసం భయపడటం ఆమెకు అలవాటే. ఆ సాయంత్రం కొండ దిగుతూ, మొదటిసారి, అతనంటే భయపడింది.